మెట్ల మీద జనం బిగుసుకుపోతే ముందు కింద చూడండి

లక్షణం: రైలుబండి వచ్చి రెండు నిమిషాలైనా కాలేదు, స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మెట్ల పైభాగంలో జనం కదలడం లేదు. వెనకవాళ్ళు "నడవండి, నడవండి" అని అరుస్తున్నారు.

తాడు కట్టడం, ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ వేరు చేయడం స్టేషన్లో జనాన్ని అదుపు చేసే మీకు తెలిసినవే. అవి చేసినా ఇరుకు తగ్గలేదంటే పైన వెతకకండి. దిగే వరసలో చివరి మెట్టు దగ్గరికి వెళ్ళండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ వదిలేసి అందరూ పైకే పరిగెడతారు.

కారణం: మెట్లు దిగిన మనిషి అక్కడే ఆగిపోవడం.

దసరా ముందు, ఇటు ఒడిశా గంజాం జిల్లాలో ఓ స్టేషన్లో నేనూ పావుగంట పైనే అరిచాను. కింద సూరత్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు సంచులు దించుకుని తోటివాళ్ళ కోసం చూస్తున్నారు. వాళ్ళ పక్కనే ఒక ముసలమ్మ, పలాస బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో కనిపించినవాళ్ళనల్లా అడుగుతోంది. మైకులో ఒడియాలో చెప్పారు, హిందీలో చెప్పారు, ఆవిడకి రెండూ రావు. అంతా కలిపి పదిమంది. పైనున్నవాళ్ళకి ఆ పదిమంది కనబడరు, ముందువాడి వీపే కనబడుతుంది. అందుకే తోస్తారు. ఆ తోపులో ఒక పసిపిల్ల చెయ్యి బెణికింది. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

లెక్క చూడండి. బ్రిటన్‌లో క్రీడా మైదానాల కోసం రాసిన గ్రీన్ గైడ్ ప్రకారం, మీటరు వెడల్పున్న మెట్ల మీద నిమిషానికి 66 మంది, చదును నేల మీద 82 మంది నడవగలరు. రెండు మీటర్ల మెట్ల మీద 500 మంది దిగడానికి దాదాపు 4 నిమిషాలు. కింద సగం దారి మూసుకుపోతే ఏడున్నర. ఈలోగా అవతలి ప్లాట్‌ఫారానికి ఇంకో బండి వచ్చేస్తుంది.

2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. బయట వాన. తడవకుండా జనం వంతెన మీదే ఆగారు, వెనక బండ్లు దిగినవాళ్ళు వస్తూనే ఉన్నారు.

ఏం చేయాలి: కింద చివరి మెట్టు నుంచి కనీసం పది అడుగులు ఖాళీ చేయించండి. సంచులు, తోపుడుబళ్ళు, టీ అమ్మేవాళ్ళు, అన్నీ. అక్కడ మాట గట్టిగా ఉన్న మనిషిని ఒకరిని నిలబెట్టండి. "జరగండి" అంటే ఎటు జరగాలో ఎవరికీ తెలియదు. "పలాస బండి రెండో నంబరు, అమ్మా, ఇలా ఎడమపక్కకి రండి" అని తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పించండి. బండ్ల వివరాల బోర్డు మెట్లకి ఎదురుగా ఉంటే దాన్ని దూరం జరపమని అడగండి. తలెత్తి చదివేవాడు కాళ్ళు ఆపేస్తాడు.

కింద దారి తెరుచుకునేదాకా జనాన్ని ఆపాల్సి వస్తే వంతెన మీదికి ఎక్కకముందే, చదును నేల మీదే ఆపండి. మెట్ల మధ్యలో ఎప్పుడూ ఆపకండి.

వేరే కారణాలు: దీపాలు పోవడం, మెట్టు అంచు విరగడం, నీళ్ళు కారి జారడం అరుదు, పైగా చూడగానే తెలిసిపోతాయి. అప్పుడు ఆ మెట్లు మూసి జనాన్ని రెండో వైపు మళ్ళించండి.