కోరల్ హ్యాంగ్ అయ్యి సేవ్ చెయ్యని ఫైలు పోతే

మొన్న శ్రావణమాసంలో, రాత్రి పదకొండు దాటాక జరిగింది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 12 బై 8 పెళ్లి ఫ్లెక్సీకి వధూవరుల ఫొటోను సైజు తగ్గించకుండా 300 డీపీఐలోనే (అంగుళానికి 300 చుక్కలు) పవర్‌క్లిప్‌లో, అంటే ఫొటోని ఇమిడ్చే ఫ్రేములో, పడేశాను. నాలుగు జీబీ ర్యామ్ సిస్టమ్ ఎంతని మోస్తుంది? స్క్రీన్ తెల్లబడింది, పైన 'నాట్ రెస్పాండింగ్' అని వచ్చింది. తప్పు నాదే. గంటన్నరగా కంట్రోల్ ఎస్ కొట్టలేదు కూడా.

ఇలాంటప్పుడు టెన్షన్‌లో వెంటనే ఎండ్ టాస్క్ కొట్టి ప్రోగ్రామ్‌ని బలవంతంగా మూసెయ్యకండి. సీపీయూ మీద హార్డ్‌డిస్క్ లైటు మిణుకుమంటోందంటే లోపల ఇంకా ఏదో పని నడుస్తున్నట్టే. టీ తాగి రండి. ఒక్కోసారి దానంతటదే తేరుకుంటుంది.

తేరుకోకపోతే అప్పుడు ఎండ్ టాస్క్ చెయ్యండి. కానీ కోరల్ మళ్లీ తెరవొద్దు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో 'టెంప్' అని ఇంగ్లీషులో, ముందొక పర్సెంట్ గుర్తు, వెనకొకటి పెట్టి ఎంటర్ కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్‌ని తేదీ వరుసలో పెట్టి, 'ఆటో బ్యాకప్ ఆఫ్' అనే పేరున్న ఫైలు (కోరల్ మధ్యమధ్యలో తనే దాచుకునే కాపీ) వెతకండి. దొరికితే డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోండి. కట్ కాదు, కాపీ. ఆప్షన్స్‌లో బ్యాకప్‌కి వేరే ఫోల్డర్ పెట్టుకున్నవాళ్లు అక్కడ చూడాలి.

ఇప్పుడు కోరల్ తెరవండి. ఫైల్ రికవరీ అని అడుగుతుంది. ఓకే నొక్కండి. విసుగ్గా క్యాన్సిల్ నొక్కారో, కోరల్ మూసేటప్పుడు ఆ బ్యాకప్‌ని తనే చెరిపేస్తుంది. మా షాపు కుర్రాడు ఒకసారి అలాగే నొక్కేసి గంటసేపు నాతో మాట్లాడలేదు. ముందు కాపీ చెయ్యమన్నది ఇందుకే. వచ్చిన ఫైలుని వెంటనే కొత్త పేరుతో సేవ్ చేసుకోండి.

ఒట్టి 'బ్యాకప్ ఆఫ్' అని ఉండే ఫైలు వేరు. అది అంతకుముందు సేవ్ చేసినప్పటి కాపీ, అసలు ఫైలు పక్కనే ఉంటుంది. అసలుది పాడై తెరుచుకోనప్పుడు పనికొస్తుంది.

వేరే సిస్టమ్‌లో తెరిస్తే తెలుగంతా ఇంగ్లీషు పిచ్చిరాతల్లా కనిపించొచ్చు. ఫైలు పోయిందని కంగారుపడకండి, ఆ సిస్టమ్‌లో మనం తెలుగు టైపుకి వాడే అను ఫాంట్లు లేవంతే.

ఫొటోషాప్‌కి ఇంత తంటా లేదు. మామూలుగా పది నిమిషాలకోసారి తనే రికవరీ కాపీ దాచుకుంటుంది, మళ్లీ తెరవగానే చూపిస్తుంది.

ఏదీ దొరక్కపోతే వాట్సాప్ చూడండి. పార్టీకి, అంటే పని ఇచ్చిన కస్టమర్‌కి, సరిచూసుకోడానికి ప్రూఫ్ పంపి ఉంటారుగా. పీడీఎఫ్ అయితే కోరల్‌లో ఇంపోర్ట్ చేసి, టెక్స్ట్‌ని కర్వ్స్‌గా, అంటే ఒట్టి గీతల బొమ్మగా, తెచ్చుకోవచ్చు. అక్షరాలు మార్చలేం కానీ ప్రింటుకి ఢోకా లేదు. జేపీజీ అయితే పక్కన పెట్టుకుని చూస్తూ మళ్లీ కట్టుకోవడమే.

ఆ రాత్రి నాకు ఇరవై నిమిషాల పని తప్ప అంతా దొరికింది. పోయినవి ఆహ్వానించువారిలో చివరి తొమ్మిది పేర్లు. వాళ్లు రాసిచ్చిన కాగితం చూసి కొట్టేశాను. పొద్దున్నే పెళ్లికూతురి బాబాయి వచ్చి, ఫ్లెక్సీ అంతా పైనుంచి కిందికి చూసి ఒకే మాటన్నాడు: "మా పేరు ఇంకాస్త పెద్దగా పెట్టొచ్చుగా!"