లిస్ప్ స్ట్రింగ్‌లో కొటేషన్ మార్కులు పెట్టడం ఎలా?

కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునేవాళ్లని, స్ట్రింగ్ (అంటే కోట్స్ మధ్య రాసే టెక్స్ట్) విషయంలో బాగా తికమక పెట్టేవి కొటేషన్ మార్కులే. ఎస్‌బీసీఎల్ (SBCL, కామన్ లిస్ప్ కోడ్‌ని రన్ చేసే ప్రోగ్రామ్) ఓపెన్ చేసి, ఒక్కొక్కటీ కొట్టి చూస్తూ చదవండి. ఫంక్షన్ పేర్లు ఇక్కడ తెలుగులో ఉన్నా, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి: లెంగ్త్ అంటే length, ప్రిన్సీ అంటే princ, ప్రిన్1 అంటే prin1, ఫార్మాట్ టీ అంటే format t.

1. స్ట్రింగ్‌కి డబుల్ కోట్స్ మాత్రమే వాడండి: "సరే". పైథాన్ అలవాటుతో సింగిల్ కోట్స్ పెడితే అది స్ట్రింగ్ అవదు. లిస్ప్‌లో సింగిల్ కోట్ పని వేరు: పక్కనున్నదాన్ని రన్ చేయకుండా ఉన్నదున్నట్టు తీసుకోమని చెబుతుంది. వర్డ్ ఫైల్ నుంచి కాపీ చేస్తే వంకర కోట్స్ వస్తుంటాయి. అవీ పనికిరావు, చెరిపేసి మళ్లీ కొట్టండి.

2. స్ట్రింగ్ లోపల డబుల్ కోట్ కావాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ (\) పెట్టండి: "\"సరే\"". బ్యాక్‌స్లాష్ కావాలంటే రెండు కొట్టాలి.

3. ఇప్పుడు పొడవు చూడండి: (లెంగ్త్ "\"సరే\""). జవాబు 5. స, ర, ఏత్వం కలిపి మూడు, కోట్స్ రెండు. బ్యాక్‌స్లాష్‌లు లెక్కలోకి రాలేదు, ఎందుకంటే అవి స్ట్రింగ్‌లో లేనే లేవు. మనం రాసేటప్పుడు మాత్రమే వాటితో పని.

4. అదే స్ట్రింగ్‌ని ప్రింట్ చేయండి: (ప్రిన్సీ "\"సరే\""). తెర మీద రెండు లైన్లు కనబడతాయి.

"సరే"
"\"సరే\""

చాలామంది ఇక్కడే ఆగిపోయి, బ్యాక్‌స్లాష్‌లు ఎలా తీసేయాలా అని వెతుకుతారు. తీయడానికి అక్కడేం లేదు. మొదటి లైన్ ప్రిన్సీ ప్రింట్ చేసింది, మనుషులు చదవడానికి. రెండోది ఆ ఫంక్షన్ తిరిగిచ్చిన విలువ. దాన్ని లిస్ప్ మళ్లీ చదువుకోగలిగే రూపంలో ఎస్‌బీసీఎల్ చూపిస్తోంది. ప్రిన్1 కూడా ఈ రెండో రూపమే ఇస్తుంది. యూజర్‌కి చూపించేది ప్రిన్1తో కాకుండా ప్రిన్సీతో ప్రింట్ చేయండి.

5. కొత్త లైన్ కోసం సీ భాషలోలా బ్యాక్‌స్లాష్ ఎన్ (\n) రాస్తే, కామన్ లిస్ప్‌లో ఉత్త ఎన్ అక్షరమే మిగులుతుంది. ఫార్మాట్ వాడండి: (ఫార్మాట్ టీ "ఒకటి~%రెండు"). ఇందులో ~% ఉన్నచోట కొత్త లైన్ వస్తుంది. ఈమాక్స్ ఎడిటర్‌లో వాడే ఈమాక్స్ లిస్ప్‌లో అయితే బ్యాక్‌స్లాష్ ఎన్ మామూలుగానే పనిచేస్తుంది.

ఎంటర్ కొట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే టెన్షన్ పడకండి. బహుశా ఎక్కడో ఒక కోట్ మూయడం మర్చిపోయుంటారు. ఒక డబుల్ కోట్, తర్వాత మూసే బ్రాకెట్ కొట్టి మళ్లీ ఎంటర్ నొక్కండి.