లెపర్డ్ గెకోల పెంపకం, 4వ పాఠం: ఇంట్లోకి రెండోది, మూడోది వచ్చాక

మొదటి మూడు పాఠాల్లో ఒక్క లెపర్డ్ గెకోకి, అంటే ఇంట్లో పెంచుకునే ఈ చుక్కల బల్లికి, ఇల్లు సర్దడం, వేడి సెట్ చెయ్యడం, తిండీ కాల్షియం దాకా వచ్చాం కదా. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో తర్వాత ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు, అన్నకి ఉంది నాకేది అని చెల్లి పేచీ పెడుతుంది, లేదా ఊరు మారిపోతున్న ఫ్రెండ్స్ ఎవరో "మీకు అలవాటేగా, దీన్ని కూడా చూస్కోండి" అని ట్యాంకుతో సహా తెచ్చి ఇచ్చేస్తారు, పాములూ బల్లులూ అమ్మే రెప్టైల్ ఎక్స్‌పోకి ఊరికే చూసొద్దామని వెళ్ళినవాళ్ళు చేతిలో చిన్న డబ్బాతో తిరిగొస్తారు. అలా ఒకటి కాస్తా మూడవుతాయి. ఈ పాఠం ఆ పరిస్థితి కోసం.

నా మాట ముందే చెప్పేస్తా. ఎన్ని గెకోలుంటే అన్ని ఇళ్ళు. అన్నిటినీ ఒకే గదిలో పెట్టుకోండి (కొత్తగా వచ్చింది మాత్రం మొదట కొన్నాళ్ళు వేరే గదిలో, దాని సంగతి కింద చెప్తా), ఒకే టైముకి చూడండి, ఒకే నోట్‌బుక్‌లో రాయండి, ట్యాంకులు మాత్రం వేర్వేరు.

"ఒక్కతే ఉంటే దానికి దిగులు కాదా అండీ" అని అందరూ అడుగుతారు. ఆ జాలి మంచిదే కానీ ఇక్కడ పనికిరాదు. ఈ ప్రాణి సొంతూరు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం, అక్కడి ఎండు రాతి గుట్టలు. 1854లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో క్యూరేటర్‌గా ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా పంజాబ్ సాల్ట్ రేంజ్ కొండల్లో దొరికిన దాన్ని చూసే. అలాంటి చోట పగలంతా రాళ్ళ కింద సందుల్లో దాక్కుని, చీకటి పడే వేళకి బయటకొచ్చి పురుగుల్ని వేటాడుకుంటుంది, తోడు లేదని బెంగ పెట్టుకోదు. ఒకే ట్యాంకులో పెట్టిన రెండు గెకోలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటే అబ్బ ఎంత ప్రేమో అని ఫొటోలు తీస్తాం, కానీ అక్కడ జరిగేది వేరే, ట్యాంకులో వెచ్చటి చోటు ఒక్కటే ఉంది, రెండింటికీ అదే కావాలి, బలమున్నది పైకెక్కి పడుకుంటుంది, లేనిది కింద నలుగుతుంది లేదంటే చల్లటి మూలకి పోయి కూర్చుంటుంది. వెచ్చదనం దొరక్కపోతే తిన్నది అరగదు, అరక్కపోతే తినదు, కొన్ని వారాల్లో తోక సన్నబడుతుంది. ఒక్కసారి కూడా కొట్టుకోకుండానే ఒకటి ఇంకోదాన్ని చంపెయ్యగలదు, ఈ విషయం దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి.

కొట్టుకోవడం కూడా ఉంటుంది. రెండు మగవి అయితే తప్పదు, ఎంత పెద్ద ట్యాంకైనా సరే, చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగినా సరే. అది కూడా రాత్రిపూట, మనం నిద్రపోయాక జరుగుతుంది, పొద్దున్న లేచి చూస్తే ఒకదానికి తోక ఉండదు. తోక మళ్ళీ వస్తుంది కానీ పాత తోకలా రాదు, పొట్టిగా ఉబ్బుగా గడ్డలా వస్తుంది, పైగా తోకంటే దానికి కొవ్వు దాచుకునే గిడ్డంగి, అది పోతే కరువులో దాచుకున్న గింజలన్నీ ఒక్కసారే పోయినట్టు.

మగదీ ఆడదీ కలిపి ఉంచడం కూడా వద్దు. మగది ఆడదాన్ని ఊపిరి తిప్పుకోనివ్వదు, సీజన్ అంతా వెంటపడుతూనే ఉంటుంది, అది విడతకి రెండు చొప్పున గుడ్లు పెడుతూనే పోతుంది, ఒంట్లో కాల్షియం అంతా గుడ్ల పెంకులకే పోతుంది. ఒక్కసారి కలిసినా ఆడది ఆ వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు, కాబట్టి "ఒక్కరోజే కదా" అనే మాట చెల్లదు. సైజులో తేడా ఉన్నవాటిని కలపకూడదు, వేరే జాతి బల్లితో అసలే కలపకూడదు. మిగిలింది ఆడా ఆడా. ఇది కొన్నిచోట్ల నడుస్తుంది, ఏళ్ళ తరబడి సాఫీగా ఉండి ఒకరోజు ఉన్నట్టుండి చెడిపోయేవీ ఉన్నాయి. నన్నడిగితే వద్దనే అంటాను. అప్పటికే కలిపి ఉంచినవాళ్ళు మాత్రం ఖాళీ ట్యాంకు ఒకటి హీటింగ్‌తో సహా రెడీగా పెట్టుకుని ఉండాలి, గొడవైన రోజు రాత్రి పదకొండింటికి షాపుకి పరిగెత్తలేరు కదా.

అసలు ఆడదో మగదో ఎలా తెలుస్తుంది? పిల్లప్పుడు తెలీదు. ఆరు నెలలు వచ్చాక చూడాలి. వెనక కాళ్ళ మధ్య, తోక మొదలయ్యే చోటికి కొంచెం పైన, తిరగేసిన ఇంగ్లీష్ V అక్షరంలా ఒక వరస చిన్న చిన్న రంధ్రాలు స్పష్టంగా, మైనం పూసినట్టు కనిపిస్తే మగది, దాని కిందే తోక మొదట్లో రెండు ఉబ్బులు కూడా ఉంటాయి. ఆడదానికి ఆ వరస మసగ్గా ఉంటుంది, ఉబ్బులుండవు. దాన్ని వెల్లకిలా తిప్పి హింస పెట్టకండి, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కింద నుంచి ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేసి చూస్కోండి, ఇంతకంటే సులువైన పద్ధతి లేదు. అమ్మేవాళ్ళు "ఇది ఆడదే, గ్యారంటీ" అంటారు, ఎందుకంటే వీటిలో ఆడా మగా తేలేది గుడ్డు పొదిగిన వేడిని బట్టి, సుమారు 26 నుంచి 28 డిగ్రీల సెల్సియస్‌లో ఎక్కువగా ఆడవి, 32, 33 దగ్గర ఎక్కువగా మగవి, ఇంకా పైకి పోతే మళ్ళీ ఆడవి ఎక్కువ. ఎక్కువగా అంటే అన్నీ అని కాదు కదా. అందుకే ఆ గ్యారంటీని నమ్మి రెండు పిల్లల్ని ఒకే ట్యాంకులో పెట్టేసి నిశ్చింతగా కూర్చోవద్దు.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైంది, క్వారంటైన్. కొత్తగా వచ్చింది ఎంత చలాకీగా ఉన్నా, ఎవరిచ్చినా, 90 రోజులు వేరే గదిలో ఉండాలి. అలంకారాలేం వద్దు, కింద పేపర్ టవల్, మూడు హైడ్లు (అది దూరి దాక్కునే గూళ్ళు), నీళ్ళ గిన్నె, అంతే. పేపర్ టవల్ ఎందుకంటే దాని మీద రెట్ట ఎలా ఉందో కళ్ళకి కనిపిస్తుంది, గట్టిగా ఉందా నీళ్ళలా ఉందా, పురుగు అరక్కుండా అలాగే వచ్చేసిందా అని. మొదటి నెలలోనే తాజా రెట్ట ఒకటి ఎగ్జాటిక్ వెట్, అంటే ఇలాంటి ప్రాణుల్ని చూసే పశువుల డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళి టెస్ట్ చేయించండి, నులిపురుగుల్లాంటివి ఉంటే మందుతో తగ్గిపోతాయి. భయపడాల్సింది క్రిప్టోకి, పూర్తి పేరు క్రిప్టోస్పోరిడియం, కంటికి కనపడని పరాన్నజీవి. పేగుల్లో ఉంటుంది, గెకో తింటున్నా చిక్కిపోతుంది, తోక పుల్లలా అయిపోతుంది, దీన్ని పూర్తిగా తగ్గించే నమ్మకమైన మందు లేదు, రెట్ట ద్వారా ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. ఇంట్లో వాడే బ్లీచ్‌కి అది చావదు. అందుకే వెట్‌ని క్రిప్టోకి పీసీఆర్ టెస్ట్ అని విడిగా అడిగి చేయించుకోండి, మామూలు రెట్ట పరీక్షలో అది తప్పించుకుపోవచ్చు. ఇంకోమాట, బ్లీచ్‌కి చావట్లేదని అందులో అమోనియా కలిపే ప్రయోగం మాత్రం చెయ్యకండి, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, మనుషులకే ప్రమాదం.

క్వారంటైన్‌లో అందరూ జారిపోయే చోటు ఒకటుంది. కొత్తదానికి తిండిగా నాలుగు క్రికెట్స్ (కీచురాళ్ళు) వేస్తే రెండు తింది, మిగతా రెండూ పారెయ్యడం దేనికని పాతదాని ట్యాంకులో వేస్తారు. ఆ క్రికెట్ కొత్తదాని రెట్ట మీద నడిచి, దాన్ని కొంచెం నమిలి మరీ వచ్చింది. వేరే గది, వేరే ట్యాంకు, వేరే పటకారు అన్నీ పెట్టుకుని చివరికి రోగాన్ని మన చేత్తోనే తినిపించినట్టయింది. ఒక ట్యాంకులోకి వెళ్ళిన పురుగు ఇంకో ట్యాంకులోకి వెళ్ళకూడదు, మిగిలితే తీసి పారెయ్యడమే. ఎలాగూ ట్యాంకులో వదిలేసిన క్రికెట్స్ నిద్రపోతున్న గెకోని కొరుకుతాయి కూడా. పని వరస కూడా ఇలాగే ఉండాలి, ముందు పాతవాటికి తిండి, నీళ్ళు, శుభ్రం, ఆఖర్న కొత్తదానికి, తర్వాత చేతులు కడుక్కోవడం.

చేతులు అంటే గుర్తొచ్చింది. ఈ బల్లులు చూడ్డానికి శుభ్రంగా ఉన్నా ఒంట్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది మనుషులకి జబ్బు చేస్తుంది. నీళ్ళ గిన్నెలు, హైడ్లు కిచెన్ సింక్‌లో కడగొద్దు. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భవతులు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ పెద్దవాళ్ళ గురించే ఇంకో మాట, బల్లి మీద పడితే దోషమని అత్తయ్యగారో అమ్మమ్మగారో కంగారు పడతారు, వాళ్ళకి నెమ్మదిగా చూపించండి, మన గోడ బల్లికి వేళ్ళ కింద అంటుకునే మెత్తలుంటాయి, దీనికి గోళ్ళే తప్ప అవి లేవు, కాబట్టి ఇది గోడ ఎక్కదు, సీలింగ్ మీదకి పోదు, నెత్తిన పడే ప్రశ్నే లేదు. పైగా కనురెప్పలున్నాయి, కళ్ళు మూసి తెరుస్తుంది. ఇది చూపిస్తే చాలామంది పెద్దవాళ్ళు కూర్చుని ముచ్చటగా చూస్తారు, నిజంగా.

ఇక రోజువారీ పద్ధతి. ఒక్కటున్నప్పుడు అన్నీ బుర్రలో గుర్తుంటాయి, మూడైతే ఉండవు, ఎవరు తిన్నారో ఎవరు తిన్లేదో కలగలిసిపోతుంది. ఒక నోట్‌బుక్, ఒక గ్రాముల డిజిటల్ కాటా కొనండి, వంటింటి కాటా వాడొద్దు. చిన్న డబ్బా పెట్టి జీరో నొక్కి గెకోని అందులో పెట్టండి, వారానికోసారి, ఒకే రోజు, తిండి పెట్టకముందు. పెద్దవి సాధారణంగా 50 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటాయి, కానీ ఆ అంకె కంటే వారం వారం అది ఎటు పోతోందో ముఖ్యం. 60 గ్రాములున్నది 58 అయితే కంగారు లేదు, రెట్ట వేసినా అంత తేడా వస్తుంది. 54కి దిగితే, అంటే పదోవంతు పోతే, నేనైతే ఆగను, వెట్‌కి ఫోన్ చేస్తాను. కంటితో చూసి ఇది కనిపెట్టలేరు, తోక సన్నబడింది అని మనకి అనిపించేసరికే ఆలస్యమైపోతుంది. బరువు పక్కనే ఏ రోజు ఎన్ని తింది, ఎప్పుడు కుబుసం విడిచింది రాయండి. కుబుసం విడిచిన ప్రతిసారీ కాలివేళ్ళు ఒక్కొక్కటే చూడండి, పొర చుట్టుకుపోయి ఉంటే రక్తం ఆడక వేలు ఊడిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళు వేళ్ళు మునిగేంత పోసి పది పదిహేను నిమిషాలుంచి, తడి ఇయర్‌బడ్‌తో మెల్లగా తోస్తే వచ్చేస్తుంది. ఒకదానికే పదేపదే ఇలా అవుతుంటే ఆ ట్యాంకులో తడి హైడ్ ఎండిపోతోందన్నమాట.

ట్యాంకులు పక్కపక్కన పెడితే మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి. అద్దంలోంచి రెండు మగవి ఒకదాన్నొకటి చూసుకుంటూ తోక పైకెత్తి నిదానంగా అటూ ఇటూ ఊపుతుంటే అది బెదిరింపు, రోజూ ఆ టెన్షన్‌లో ఉంటే తిండి మానేస్తాయి. వేట ముందు తోక చివర గబగబా ఆడించడం వేరు, దాన్ని చూసి కంగారు పడకండి. వేడి మాత్రం ప్రతి ట్యాంకుకీ విడి థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసేది), విడి ప్రోబ్ (దానికి వేడి ఎంతుందో చెప్పే తీగ). ఒక థర్మోస్టాట్‌కి మూడు హీట్ మ్యాట్లు తగిలిస్తే ప్రోబ్ ఉన్న ట్యాంకులోనే లెక్క సరిగ్గా ఉంటుంది, మిగతా రెండింట్లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు, గెకో కడుపు కాలేదాకా. వెచ్చటి హైడ్‌లో నేల 90 నుంచి 93 ఫారెన్‌హీట్ ఉందా అని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కో ట్యాంకూ విడిగా చూడండి.

కరెంట్ పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంట్ లేదు, అక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్ద గెకోలు కొద్దిరోజుల చల్లదనాన్ని ఓర్చుకుంటాయి, కానీ ఆ టైములో తిండి పెట్టకూడదు, చలికి అరగదు, కడుపులో కుళ్ళిపోతుంది. ట్యాంకుల మీద దుప్పట్లు కప్పి గాలి ఆడే సందు వదలండి, హ్యాండ్ వార్మర్స్ ఉంటే గుడ్డలో చుట్టి హైడ్ బయట పెట్టండి, ఒంటికి తగలకూడదు. మూడింటినీ ఇంట్లో ఉన్న ఒక్క వెచ్చటి గదిలోకి చేర్చాల్సొస్తే కూడా వేర్వేరు డబ్బాల్లోనే.

ఇండియాలో చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట. ఒడిశాలోనూ ఉత్తరాంధ్ర కొండల్లోనూ ఉండే లెపర్డ్ గెకో ఒకదాన్ని 2022లోనే కొత్త జాతిగా గుర్తించారు, యూబ్లెఫారిస్ పిక్టస్ అని. దానికి విషం లేదు, కనిపిస్తే చంపకండి, పట్టి ఇంటికి కూడా తేకండి, ఈ పాఠాలు అడవిలోంచి తెచ్చినవాటి కోసం రాసినవి కావు.

ఈ వారం హోమ్‌వర్క్: ఇప్పటికే ఒకే ట్యాంకులో రెండున్నవాళ్ళు వాటిని విడదీసి, ఆ రోజు బరువులు రాసి, నాలుగు వారాల తర్వాత మళ్ళీ పోల్చి చూడండి. అణిగి ఉన్నదాని అంకె ఎలా మారుతుందో చూస్తే నేనింత గట్టిగా ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. వచ్చే పాఠం గుడ్ల గురించి, మగది లేకపోయినా ఆడది గుడ్లు పెట్టొచ్చు, పెట్టడానికి చోటు దొరక్కపోతే లోపలే ఇరుక్కుని ప్రాణం మీదకొస్తుంది. దానికోసం గెకో లోపల తిరగ్గలిగేంత మూతున్న డబ్బా ఒకటి, ఇటుకలా నొక్కి అమ్మే కొబ్బరి పీచు పొడి ఒకటి తెచ్చి పెట్టుకోండి.