మనంతట మనమే ఇంగ్లిష్ – 14వ భాగం: టాల్ ఎక్కడ, హై ఎక్కడ?

పోయిన భాగంలో ఇచ్చిన అభ్యాసం చేయకపోతే ముందు అది కానిచ్చి ఇటు రండి. ఈసారి టాల్, హై.

మనిషైనా కొండైనా గోడైనా మనం ఎత్తు అనేసి ఊరుకుంటాం, అందుకే ఇంగ్లిష్‌లో తడబాటు. టాల్ అంటే అడుగు నుంచి కొస దాకా ఆ వస్తువు పొడుగు, అదీ పెద్దగా వెడల్పు లేకుండా నిటారుగా నిలబడ్డవాటికి బాగా నప్పుతుంది: మనుషులు, కొబ్బరిచెట్లు, సెల్ టవర్లు, అపార్ట్‌మెంట్లు. హై అనేది మాత్రం ఎక్కువగా నేల నుంచి ఎంత పైన ఉందో చెబుతుంది.

హైదరాబాద్, విజయవాడల్లోని పెద్ద అంబేడ్కర్ విగ్రహాలనే తీసుకోండి. రెండూ 125 అడుగులవే, కాబట్టి రెండూ సమానంగా టాల్. కానీ హైదరాబాద్‌లో పీఠం 50 అడుగులు, విజయవాడలో 81 అడుగులు, అంటే పీఠం అడుగు నుంచి చూస్తే విజయవాడ విగ్రహం తల ఇంకా హైయర్.

కిటికీ దగ్గర ఇంకా సరదాగా ఉంటుంది. టాల్ విండో అంటే కిటికీయే నిలువుగా పొడుగ్గా ఉందని. హై విండో అంటే చిన్నదే కావచ్చు, పైన సీలింగ్ దగ్గర పెట్టారని. రెండూ కరెక్టే, కార్పెంటర్‌కి ఒకటి చెప్పబోయి ఇంకోటి చెబితేనే గొడవ.

గోడకి, కొండకి మామూలుగా హై వాడతారు, అవి అడ్డంగా కూడా బాగా విస్తరించి ఉంటాయి కదా. సీలింగ్ ఎప్పుడూ హైయే. జ్వరం, బీపీ, ధరలు, స్పీడ్, వీటి దగ్గరికి టాల్‌ని రానివ్వకండి. టాల్ క్లెయిమ్స్ అంటే మాత్రం నమ్మబుద్ధి కాని గొప్పలు, ఎలక్షన్ల టైమ్‌లో పేపర్లలో బాగా కనిపిస్తుంది.

మన దగ్గర తరచూ వినిపించే తప్పు ఒకటుంది: ‘హీ ఈజ్ వెరీ హైట్’. హైట్ నామవాచకం, అక్కడ కుదరదు, వెరీ టాల్ అనాలి. కొలత చెప్పేటప్పుడు పొట్టివాళ్లకి కూడా టాలే వస్తుంది, ‘షీ ఈజ్ ఫోర్ ఫీట్ టెన్ ఇంచెస్ టాల్’ అంటే ఎవరూ నవ్వరు.

ఇక మీ వంతు. ఇంగ్లిష్‌లో రాయండి: మా తమ్ముడు నాకన్నా పొడుగు. ఆ షెల్ఫ్ నాకు అందనంత ఎత్తులో ఉంది. ఉల్లిపాయల ధర బాగా ఎక్కువగా ఉంది. ఆమెకి పొడుగు జుట్టు ఉంది.

చివరిదానికి ఈ రెండూ పనికిరావు. ఏం వాడాలో ఆలోచించి పెట్టుకోండి, వచ్చే భాగం దానితోనే మొదలవుతుంది.