వంట నోట్‌బుక్‌లో ఇవి కూడా రాసుకోండి

చుట్టాలొచ్చే రోజు వంట పుస్తకం తెరిస్తే 'ఉప్పు తగినంత' అని ఉంటుంది. ఎంతమందికి తగినంత? నల్లగొండలో మా ఇంటి నోట్‌బుక్‌లో బగారన్నం పేజీ ఇలా ఉంటుంది: '12 మందికి కిలోన్నర పాత బియ్యం. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. పెద్ద గిన్నె. సంక్రాంతికి కొత్త బియ్యంతో చేస్తే ముద్దయింది, నీళ్ళు తగ్గించాలి.' పక్కనే నూనె మరక. నేనైతే మరకలున్న పేజీనే నమ్ముతాను, చాలాసార్లు వండారన్నమాట!

కొత్త వంటకమైతే ముందు వారమే ఇంట్లోవాళ్ళకు చేసిపెట్టి, మార్పులు పెన్సిల్‌తో రాసుకోండి. ఏది ముందురోజే చేసుకోవచ్చో కూడా రాస్తే టెన్షన్ ఉండదు. పచ్చిపులుసు మాత్రం వద్దు. ఉల్లిపాయ అప్పటికప్పుడు కోసి కలిపితేనే రుచి.