వైరస్ వల్ల ఫుట్‌బాల్ మ్యాచ్ వాయిదా పడిందా? వాదనకు దిగే ముందు ఇవి చూసుకోండి

మ్యాచ్ వాయిదా అని క్లబ్ నుంచి రెండు లైన్ల ప్రకటన వస్తుంది. వెంటనే ఒక వర్గం "ఓడిపోతామని భయపడి తప్పించుకున్నారు" అంటుంది, ఇంకో వర్గం "మనుషుల ఆరోగ్యం కంటే ఆట ఎక్కువా" అంటుంది, ఇక ఆ రోజంతా అదే గొడవ. అంతసేపు కొట్టుకున్నవాళ్లలో ఆ పోటీ నియమం ఏమిటో చదివినవాళ్లు చాలా తక్కువ. కరోనా కాలంలో ఇది లీగ్ తర్వాత లీగ్‌లో చూశాం, రేపు ఇంకో వైరస్ వస్తే మళ్లీ చూస్తాం. కాబట్టి ఒక వాయిదా న్యాయమైనదా కాదా అని తేల్చుకోవడానికి ఏమేం చూడాలో, ఏ వరుసలో చూడాలో రాస్తున్నాను.

ముందు నియమం చదవండి, అందులో అంకె ఎంతో చూడండి. ఎంతమంది ఆటగాళ్లు మిగిలితే ఆడాల్సిందే అన్నది ఒక్కో పోటీకి ఒక్కోలా ఉంటుంది. 2021-22లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చెప్పింది ఇది: స్క్వాడ్ నుంచి గానీ, తగిన అనుభవం ఉన్న అండర్-21 కుర్రాళ్ల నుంచి గానీ 13 మంది అవుట్‌ఫీల్డ్ (గోల్‌కీపర్ కాని) ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్ ఉంటే దిగాలి. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా పోటీల్లో అప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి 13 మంది. ఆఫ్రికా దేశాల టోర్నీ ఆఫ్రికా కప్‌లో 11 మంది ఉంటే చాలన్నారు, గోల్‌కీపర్ లేకపోయినా సరే. 2022 జనవరి 24న కొమొరోస్ జట్టుకి ఇదే జరిగింది. వాళ్ల గోల్‌కీపర్లలో కొందరు పాజిటివ్, ఒకరికి గాయం, దాంతో చాకర్ అల్హదూర్ అనే లెఫ్ట్ బ్యాక్ డిఫెండర్‌ని గోల్‌లో నిలబెట్టి ఆతిథ్య కామెరూన్‌తో నాకౌట్ మ్యాచ్ ఆడారు, అది కూడా ఏడో నిమిషంలోనే రెడ్ కార్డ్ పడి పది మందితో. 2-1తో ఓడారు. ఆ నియమం ప్రకారం అంతా సక్రమమే, కానీ నా దృష్టిలో గోల్‌కీపర్ లేని జట్టుని బలవంతంగా ఆడించే నియమం మంచి నియమం కాదు. ఈ రెండూ వేరు వేరు వాదనలు: "క్లబ్ నియమం తప్పింది" అనడం ఒకటి, "నియమమే తప్పు" అనడం ఇంకొకటి. మీరు ఏది అంటున్నారో ముందు మీకు తెలియాలి. సగం గొడవలు ఈ రెండూ కలిపేయడం వల్లే తెగవు.

పోటీ నియమాలన్నిటి కిందా ఆట చట్టం ఒకటుంది, ఏ జట్టులోనైనా ఏడుగురి కంటే తగ్గితే మ్యాచ్ జరగదు. దాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2021 నవంబర్ 27న పోర్చుగల్‌లో తెలిసింది. వైరస్‌తో స్క్వాడ్ ఖాళీ అయిన బెలెనెన్సెస్ శాడ్ అనే క్లబ్ తొమ్మిది మందితో బెన్ఫికా మీద దిగింది, వాళ్లలో ఒక గోల్‌కీపర్ అవుట్‌ఫీల్డ్‌లో ఆడాడు. హాఫ్ టైంకి 7-0. రెండో సగానికి ఏడుగురే బయటికొచ్చారు, వాళ్లలో ఒకరు కూర్చుండిపోగానే రిఫరీ ఆపేశాడు. "ఎంతమంది ఉంటే అంతమందితో ఆడాలి, ఏడవకూడదు" అని ఎవరైనా అంటే ఈ మ్యాచ్ చూపించండి.

రెండోది, ఎవరు ఎందుకు లేరో విడదీయండి. మొత్తం వాదనలో ఇదే అసలు చోటు, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. "మాకు ఆటగాళ్లు లేరు" అని క్లబ్ అంటే ఆ లేనివాళ్లని ఐదు గంపల్లో వేయండి: పాజిటివ్ వచ్చినవాళ్లు, గాయపడినవాళ్లు, సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు, దేశం తరఫున ఆడటానికి వెళ్లినవాళ్లు, క్లబ్బే అమ్మేసిన లేదా లోన్‌కి పంపినవాళ్లు. మొదటి గంప నిండుగా ఉంటే అది వైరస్ వాయిదా. మొదటి గంపలో ఒకరు, మిగతా నాలుగింట్లో పది మంది ఉంటే దానికి వేరే పేరు పెట్టుకోవాలి.

2022 జనవరి 16న జరగాల్సిన నార్త్ లండన్ డెర్బీ, అంటే టాటెన్‌హామ్, ఆర్సెనల్ మ్యాచ్ తీసుకోండి. టాటెన్‌హామ్ ఇంట్లో మ్యాచ్, వాయిదా అడిగింది ఆర్సెనల్. పార్టే, ఎల్నెనీ, పెపే, ఔబమెయాంగ్ ఆఫ్రికా కప్ కోసం వెళ్లారు, జాకా మూడు రోజుల ముందే లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో రెడ్ కార్డ్ తిన్నాడు, ఇంకొందరికి గాయాలు. వైరస్ కేసు అని బయటికి వచ్చింది ఒక్కటే. పైగా అదే నెలలో మెయిట్‌లాండ్-నైల్స్‌ని రోమాకి, బలోగన్‌ని మిడిల్స్‌బ్రోకి లోన్‌కి పంపారు. టాటెన్‌హామ్ అభిమానులు మండిపోయారు, అందులో న్యాయం ఉంది. కానీ అప్పటి నియమం గాయాల్ని కూడా లెక్కలోకి తీసుకోనిచ్చింది, కాబట్టి ఆర్సెనల్ మోసం చేసింది అనడం కుదరదు. ఆర్సెనల్ అభిమానులు గుర్తు చేసేది ఇంకోటి కూడా ఉంది, సీజన్ మొదటి రోజు బ్రెంట్‌ఫర్డ్‌లో లకాజెట్, ఔబమెయాంగ్ వైరస్‌తో పడుకున్నా మ్యాచ్ ఆగలేదు, 2-0తో ఓడారు. అదీ నిజమే.

అదే వారంలో బర్న్‌లీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. జనవరి 13న స్ట్రైకర్ క్రిస్ వుడ్‌ని న్యూకాజిల్‌కి అమ్మారు, 18న వాట్‌ఫర్డ్‌తో ఆడటానికి మనుషులు చాలరని వాయిదా అడిగారు, దొరికింది. ఇలాంటివి పోగయ్యాకే ప్రీమియర్ లీగ్ నియమం మార్చింది, స్క్వాడ్‌లో కనీసం నలుగురికి పాజిటివ్ ఉంటేనే వాయిదా అడగొచ్చు అని. ఫిబ్రవరి 5న అది అమల్లోకి వచ్చింది, ఆ రోజే బర్న్‌లీ, వాట్‌ఫర్డ్ చివరికి మైదానంలోకి దిగి 0-0 ఆడాయి. సీజన్ మధ్యలో నియమం మారడం వల్ల డిసెంబర్‌లో ఒక న్యాయం, ఫిబ్రవరిలో ఒక న్యాయం అయింది. మీ వాదనలో తేదీ వేయండి. ఏ రోజు ఏ నియమం ఉందో చెప్పకుండా రెండు వాయిదాల్ని పోల్చవద్దు.

తేదీల మాట వచ్చింది కాబట్టి ఐసోలేషన్ లెక్క కూడా చూసుకోండి. ఇంగ్లండ్‌లో 2021 డిసెంబర్ 22 దాకా పది రోజులు, ఆ తర్వాత నెగటివ్ టెస్టులు చూపిస్తే ఏడు, 2022 జనవరి 17 నుంచి ఐదు రోజులు. సోమవారం పాజిటివ్ వచ్చిన ఆటగాడు వచ్చే ఆదివారానికి అందుబాటులో ఉంటాడా లేదా అన్నది ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

మూడోది, జెర్సీ మార్చి చూడండి. ఇదే ప్రకటన మీ ప్రత్యర్థి క్లబ్ నుంచి వచ్చి ఉంటే మీరు ఏమనేవాళ్లు? దీనికి టాటెన్‌హామ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2021 డిసెంబర్‌లో వాళ్ల శిబిరంలోనే వైరస్ చెలరేగింది, యూరప్ పోటీ కాన్ఫరెన్స్ లీగ్‌లో ఫ్రెంచ్ క్లబ్ రెన్‌తో మ్యాచ్ ఆడలేమన్నారు, రెన్ మండిపడింది. డిసెంబర్ 31లోపు కొత్త తేదీ కుదరలేదు, యుయెఫా రెన్‌కి 3-0 విజయం ఇచ్చేసింది, టాటెన్‌హామ్ ఇంటికి. నెల తిరిగేసరికి ఆర్సెనల్ వాయిదా మీద అదే టాటెన్‌హామ్ చాలా ఆశ్చర్యపోయామని ప్రకటన ఇచ్చింది. రెండు సందర్భాల్లోనూ వాళ్ల బాధ నిజమే. కేసుల సంఖ్య వేరు కాబట్టి రెండిటికీ తేడా ఉందని వాదించవచ్చు, అలాగే వాదించండి, సంఖ్యతో. జెర్సీ రంగుతో వాదించకండి.

"వాయిదాతో ఎవరికి లాభం" అన్న ప్రశ్న దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి, ఎందుకంటే ఆ రోజు ఎవరికీ తెలియదు. జనవరిలో ఆ డెర్బీ జరిగి ఉంటే టాటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యూంగ్-మిన్ గాయంతో బయట ఉండేవాడు. మే 12న జరిగినప్పుడు సన్ ఉన్నాడు, గోల్ కొట్టాడు, కేన్ రెండు కొట్టాడు, ఆర్సెనల్ ఆటగాడు హోల్డింగ్‌కి రెడ్ కార్డ్ పడింది, టాటెన్‌హామ్ 3-0తో గెలిచింది. జనవరి చివర్లో తెచ్చుకున్న కులుసెవ్‌స్కీ, బెంటాంకుర్ కూడా అప్పటికి జట్టులో ఉన్నారు. సీజన్ చివరికి టాటెన్‌హామ్ 71 పాయింట్లతో నాలుగో స్థానం, ఆర్సెనల్ 69తో ఐదో స్థానం, మొదటి నలుగురికే దక్కే చాంపియన్స్ లీగ్ బెర్తు చేతులు మారింది. వాయిదా కోరినవాళ్లే దెబ్బతిన్నారు. కాబట్టి లాభనష్టాల్ని బట్టి క్లబ్ ఉద్దేశాన్ని ఊహించకండి.

తర్వాత, నిర్ణయం ఎవరు తీసుకున్నారో చూడండి. క్లబ్ అడిగిందా, లీగ్ ఆపిందా, ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఆపిందా? 2020 అక్టోబర్ 4న ఇటలీ క్లబ్ నాపోలి యువెంటస్‌తో ఆడటానికి టూరిన్ వెళ్లలేదు, వెళ్లొద్దని చెప్పింది స్థానిక ఆరోగ్య శాఖ. లీగ్ జడ్జి యువెంటస్‌కి 3-0 ఇచ్చి నాపోలికి ఒక పాయింట్ కోత కూడా వేశాడు. డిసెంబర్‌లో ఇటలీ ఒలింపిక్ కమిటీ పరిధిలోని క్రీడా న్యాయమండలి దాన్ని కొట్టేసింది, మ్యాచ్ 2021 ఏప్రిల్ 7న జరిగింది, యువెంటస్ 2-1తో గెలిచింది. మొదటి తీర్పు రాగానే "నాపోలి పారిపోయింది" అని రాసినవాళ్లందరూ రెండు నెలలు ఆగి ఉంటే బాగుండేది.

కాలెండర్‌లో ఖాళీ ఉందా అన్నది కూడా అడగాలి. లీగ్ మ్యాచ్‌ని మేలోకి జరపొచ్చు. రెండు మూడు వారాల టోర్నీలో ఎక్కడికి జరుపుతారు? 2022 జనవరిలో మహిళల ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది, నవీ ముంబైలో ఇరాన్‌తో 0-0 ఆడిన మన జట్టు, మూడు రోజుల తర్వాత వైరస్ వల్ల చైనీస్ తైపీ (తైవాన్) మీద 13 మందిని కూడా చూపించలేకపోయింది. నియమం ప్రకారం టోర్నీ నుంచి వైదొలిగినట్టే అన్నారు, ఆడిన మ్యాచ్ ఫలితం కూడా చెల్లలేదు, ప్రపంచ కప్ దారి అక్కడే మూసుకుపోయింది. ఏళ్ల తరబడి ఆ టోర్నీ కోసం సిద్ధమైన అమ్మాయిలకి ఒక్క వారం వాయిదా కూడా దొరకలేదు. పెద్ద లీగుల్లో వాయిదాల మీద గంటలు గంటలు మాట్లాడే మనం దీని గురించి ఎంత మాట్లాడాం? నాకు ఇప్పటికీ మింగుడుపడదు. టోర్నీ పెట్టేవాళ్లు అత్యవసరం కోసం కొన్ని రోజులు ఖాళీగా ఉంచాలని అభిమానులు ముందే గట్టిగా అడగాలి.

మొత్తం సీజనే ఆగిపోతే వాదన ఇంకోలా ఉంటుంది, అక్కడ కాగితం పెన్ను తీయండి. 2020లో ఇంగ్లండ్ మూడో అంచె పోటీ లీగ్ వన్‌ని మ్యాచ్‌కి సగటు పాయింట్ల లెక్కన ముగించారు. వింబుల్డన్‌కి 35 మ్యాచ్‌ల్లో 35 పాయింట్లు, అంటే సగటు 1. ట్రాన్మియర్‌కి 34 మ్యాచ్‌ల్లో 32, అంటే 0.94. ట్రాన్మియర్ కిందికి పడిపోయింది. వింబుల్డన్ కంటే తక్కువ ఆడిన ఆ ఒక్క మ్యాచ్ ఆడి గెలిచి ఉంటే రెండు జట్లూ సమానం అయ్యేవి. అదే లెక్కతో ఎనిమిదో స్థానంలో ఉన్న వైకోంబ్ మూడో స్థానానికి ఎగబాకి, ప్లేఆఫ్ గెలిచి పై డివిజన్‌కి వెళ్లింది. నెదర్లాండ్స్‌లో అసలు చాంపియన్‌నే ప్రకటించలేదు, ఫ్రాన్స్‌లో పారిస్ క్లబ్ పీఎస్‌జీకి ఇచ్చేశారు. ఏ పద్ధతి న్యాయమో మీ క్లబ్ పేరు తీసేసి లెక్క వేసి చూడండి.

ఆరోగ్యం సంగతికి వస్తే, "కుర్రాళ్లే కదా, రెండు రోజుల్లో లేచి ఆడతారు" అనే మాట దయచేసి వాడకండి. 2020 చివర్లో న్యూకాజిల్ శిబిరంలో వైరస్ పాకాక లాసెల్స్, సాన్-మాక్సిమాన్ చాలా వారాలు కోలుకోలేకపోయారు. ఆటగాళ్ల వెనక ఫిజియోలు, వంటవాళ్లు, బస్సు డ్రైవర్లు ఉంటారు, వాళ్లలో పెద్ద వయసువాళ్లు ఉంటారు, స్టేడియంలో మనం ఉంటాం. 2020 ఫిబ్రవరి 19న అటలాంటా, వలెన్సియా మ్యాచ్ కోసం అటలాంటా సొంత ఊరు బెర్గామో నుంచి వేలాది మంది మిలాన్‌లోని సాన్ సిరో స్టేడియానికి వెళ్లారు, కొన్ని వారాలకే బెర్గామో యూరప్‌లో అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్న చోట్లలో ఒకటైంది. మార్చి 11న స్పెయిన్‌లో మ్యాచ్‌లు ఖాళీ స్టేడియాల్లో పెడుతుంటే, అక్కడి క్లబ్ అట్లెటికో అభిమానులు దాదాపు 3,000 మంది లివర్‌పూల్‌తో మ్యాచ్‌కి వచ్చి ఆన్‌ఫీల్డ్‌లో కూర్చున్నారు. రెండు రోజులకే ఇంగ్లండ్‌లో లీగ్ ఆగిపోయింది. ఆ మ్యాచ్ ఆపాల్సిందని ఇప్పుడు చెప్పడం తేలిక, అప్పుడే చెప్పినవాళ్లని మాత్రం పిరికివాళ్లన్నారు.

అలాగని ప్రతి పాజిటివ్ నిజం కాదు. 2022 జనవరిలో ఆర్సెనల్‌తో లీగ్ కప్ సెమీఫైనల్ మొదటి లెగ్‌ని లివర్‌పూల్ వాయిదా వేయించుకుంది, తర్వాత అప్పటి కోచ్ క్లాప్ స్వయంగా చెప్పాడు, చాలావరకు తప్పుడు పాజిటివ్‌లే అని. అబద్ధం ఆడారని దానర్థం కాదు, ఆ రోజు చేతిలో ఉన్న రిపోర్టులు బట్టి నిర్ణయం తీసుకున్నారు. మీరు కూడా ఆ రోజు తెలిసినదాన్ని బట్టే తప్పొప్పులు ఎంచండి.

ఇంకొకటి, ఎవరికి పాజిటివ్ వచ్చిందో పేర్లు ఊహించి రాయకండి. అది వాళ్ల వైద్య సమాచారం, చెప్పడం చెప్పకపోవడం వాళ్ల ఇష్టం. క్లబ్‌ని అడగాల్సింది పేర్లు కాదు, సంఖ్య: ఎంతమందికి పాజిటివ్, ఎంతమందికి గాయం, ఎంతమంది మిగిలారు. ఈ మూడు అంకెలు బయటపెట్టడం వల్ల ఎవరి గోప్యతా పోదు.

అడగాల్సింది ఇంకోటి కూడా ఉంది, దీని మీద రెండు క్లబ్బుల అభిమానులూ కలవొచ్చు. 2021 డిసెంబర్ 18న ఆస్టన్ విల్లా, బర్న్‌లీ మ్యాచ్ కిక్ ఆఫ్‌కి కొన్ని గంటల ముందు వాయిదా పడింది, అప్పటికే అవే ఫ్యాన్స్ (అవతలి జట్టు అభిమానులు) దారిలో ఉన్నారు. టెస్టు ఫలితం ఎప్పుడొస్తే అప్పుడే వస్తుంది, నిజమే, కానీ ఫలానా గంటలోపు నిర్ణయం చెప్పాలని, అది దాటాక రద్దయితే ప్రయాణం చేసిన అభిమానికి టికెట్‌తో పాటు దారి ఖర్చు కూడా వెనక్కి ఇవ్వాలని లీగ్ నియమాల్లో రాయించాలి. మీ సపోర్టర్స్ గ్రూప్ క్లబ్‌తో కూర్చునే తర్వాతి మీటింగ్‌లోనే ఈ రెండూ పెట్టండి, అవతలి క్లబ్ గ్రూప్ చేత కూడా అదే కాగితం మీద సంతకం చేయించండి.