మొరాయించే లేత పోనీని రైడింగ్ షోకి సిద్ధం చేయడం ఎలా?

మా అమ్మాయి పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, పేరు సెరెన్. వెల్ష్ భాషలో నక్షత్రం అని అర్థం. తెల్లటి వెల్ష్ మౌంటెన్ పోనీ, ఐదేళ్లది. మేముండే బ్రిటన్‌లోని వేల్స్‌లో ఈ రకాన్ని సెక్షన్ ఎ అంటారు. ఎత్తు 12 హ్యాండ్స్ దాటకూడదు, అంటే మన లెక్కలో నాలుగడుగులు. నిరుడు వసంతంలో ఇది గేటు దాటడానికే మొరాయించేది. నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడి, మెడ బిగించి, ఒక చెవి మాత్రం మా వైపు తిప్పి వినేది. ఈ వేసవిలో అదే పోనీ ఊరి గుర్రాల షోలో పిల్లను ఎక్కించుకుని రింగంతా, అంటే పోటీ బరంతా తిరిగింది. మధ్యలో ఏమేం చేశామో వరుసగా చెబుతాను.

ముందు నొప్పి ఉందేమో చూడండి

మొరాయించే పోనీకి పొగరని పేరు పెట్టడం చాలా తేలిక. మేమూ కొన్ని వారాలు అలాగే అనుకున్నాం, ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎడమ పగ్గం ముట్టుకుంటే చాలు, సెరెన్ తల విదిలించేది. చివరికి పశువుల డాక్టరుని పిలిస్తే, నోరు తెరిపించి టార్చి వేసి చూపించారు. దవడ పళ్లకు ముందు, సరిగ్గా కళ్ళెం ఇనుము ఉండే చోట, బొబ్బర గింజంత పన్ను. వుల్ఫ్ టూత్ అంటారట. మత్తిచ్చి తీశారు. పంటి చిగురు మానేదాకా మేం కళ్ళెం పెట్టలేదు.

గుర్రాలకు రెండున్నర నుంచి నాలుగున్నర ఏళ్ల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. కాబట్టి ఈ వయసులో పళ్లు చూపించకుండా శిక్షణ మొదలుపెట్టొద్దు. జీను కూడా అంతే. ఎదిగే పోనీ వీపు ఆకారం మారుతూనే ఉంటుంది, మూడు నాలుగు నెలలకోసారి జీను సరిచూపించాలి. స్వారీ అయ్యాక జీను తీసి చూడండి. చుట్టూ చెమట పట్టి మధ్యలో ఒకచోట మాత్రం పొడిగా ఉంటే, అక్కడ జీను నొక్కుతోందేమో చూపించుకోండి.

ఇక బరువు. జీనుతో కలిపి పోనీ బరువులో 15 శాతం లోపు ఉండేలా మేం చూసుకున్నాం. 220 కిలోల పోనీ అంటే 33 కిలోలు. అందులో జీనుకు ఐదు తీసేస్తే పిల్లకు మిగిలేది 28. వెన్నెముక పూర్తిగా గట్టిపడేసరికి ఐదారేళ్లు వస్తాయి కాబట్టి, లేత వయసులో ఈ లెక్కను అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు.

ఎక్కకముందే నడక నేర్పండి

రెండు పొడవాటి పగ్గాలు కట్టి వెనక నుంచి నడిపించే పద్ధతి ఒకటుంది, లాంగ్ రెయినింగ్ అంటారు. నాగలి వెనక రైతు నడిచినట్టే ఉంటుంది. పక్కన మనిషి ఆసరా లేకుండా ముందుకు వెళ్లడం పోనీకి దీనితోనే అలవాటవుతుంది. తన్నినా అందనంత దూరంలో నడవండి, హెల్మెట్, గ్లౌజులు వేసుకోండి, పగ్గాలు మాత్రం ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు.

పోనీ ఆగిపోతే ఎదురుగా నిలబడి తాడు లాగకండి, ఇంకా బిగుసుకుంటుంది. తల కాస్త పక్కకు తిప్పి ఒక్క అడుగు పక్కకు వేయించండి. కాలు కదిలిందంటే బిగువు సడలినట్టే. ఆ అడుగు పడిన క్షణంలోనే పగ్గం వదులు చేయాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే దేనికి వదిలారో దానికి అర్థం కాదు.

పిల్ల ఎక్కాక

వారానికి నాలుగు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదట్లో నెమ్మదస్తురాలైన పెద్ద గుర్రం వెనక పంపించండి, తర్వాత పక్కపక్కన, ఆ తర్వాత ముందు. మీ పోనీ ఆగిపోయే చోటు మీకు తెలిసే ఉంటుంది. దానికి పది అడుగుల ముందే మీరే ఆపి, మెడ నిమిరి, వెనక్కి తిప్పండి. మర్నాడు ఇంకో ఐదడుగులు.

వరుసలోంచి బయటికి రావడం: అసలు పరీక్ష ఇదే

షోలో జరిగేది ఇదీ. ముందు అందరూ కలిసి రింగు చుట్టూ నడక, ట్రాట్ (చిన్న పరుగు) చూపిస్తారు. కొత్తగా సొంతంగా స్వారీ చేసే పిల్లల పోటీ విభాగాన్ని ఫస్ట్ రిడెన్ తరగతి అంటారు, అందులో అందరూ కలిసి క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన దూకుడు పరుగు) చేయరు. తర్వాత జడ్జి అందరినీ ఒక వరుసలో నిలబెడతారు. అక్కడి నుంచి ఒక్కొక్కరే బయటికి వచ్చి సొంతంగా నడక, ట్రాట్, క్యాంటర్ చూపించి, ఆగి, మళ్లీ వరుసలోకి వెళ్లాలి. మౌంటెన్ పోనీల తరగతుల్లో ఆ తర్వాత జీను తీసి, చేత్తో నడిపించి, ఒళ్లు, కాళ్లు కూడా చూస్తారు.

గుర్రం మందలో బతికే జీవి. మందను వదిలి ఒంటరిగా రమ్మంటే లేత పోనీకి భయం వేస్తుంది. మిగతా అన్నీ బాగా చేసిన పోనీలు కూడా ఇక్కడే మొరాయిస్తాయి.

మేం ఇరుగుపొరుగు పోనీలు రెంటిని తెచ్చి పొలంలో వరుస కట్టించాం. తొలిరోజు సెరెన్ మూడడుగులు వేసి, తోక బిగించి, వెనక్కి తిరిగి సకిలించింది. ఆ మూడడుగులకే ఆ పూట ఆపేశాం. తర్వాత ఒక సంగతి పట్టుకున్నాం. తోటి పోనీల దగ్గరికి తిరిగి రాగానే మేం దాన్ని నిలబెట్టి, నిమిరి, విశ్రాంతి ఇస్తున్నాం. అంటే సుఖమంతా వరుసలోనే ఉందని మేమే నేర్పుతున్నాం! అప్పటి నుంచి వరుసకు తిరిగొచ్చాక చిన్న చిన్న పనులు చెప్పాం. దూరంగా వెళ్లాక, పొలం అవతలి చివర ఆపి, పగ్గాలు వదులు చేసి, రెండు నిమిషాలు ఊరికే నిలబడనిచ్చాం. నాలుగో వారానికల్లా ఆ చివర చేరగానే తల దించి, నిట్టూర్చి, పెదాలు నాకుకోవడం మొదలుపెట్టింది. ఆ నిట్టూర్పు విన్నరోజు మా అమ్మాయి ఏడ్చేసింది.

దీని తర్వాత వరుసలో ఏ చోటి నుంచైనా బయటికి రావడం, మిగతావి వెళ్లిపోతుంటే కదలకుండా నిలబడడం కూడా చేయించండి.

చప్పుళ్లు, ట్రైలర్

మైకు, చప్పట్లు, జెండాలు, గొడుగులు, పసిపిల్లలను తోసుకెళ్లే బళ్లు. ఇవన్నీ ఇంటి దగ్గరే చూపించాలి. మేం గడ్డి వేసే వేళకు ఫోన్లో చప్పట్ల రికార్డింగ్ సన్నగా పెట్టి, రోజురోజుకూ పెంచాం. గుర్రానికి పక్కలకు చాలా విశాలంగా కనిపిస్తుంది గానీ నుదుటికి ఎదురుగా, తోక వెనక గుడ్డిచోట్లు ఉంటాయి. కొత్త వస్తువును అటు కంటితో, ఇటు కంటితో చూడనివ్వండి.

గుర్రాన్ని తీసుకెళ్లే ట్రైలర్ బండి ఎక్కడం నెల ముందు నుంచే అలవాటు చేయండి. దాణా అందులోనే పెట్టండి. రెండు మూడుసార్లు ఊరికే తిప్పి ఇంటికి తీసుకురండి.

ఒక షోకి పోటీ చేయకుండా వెళ్లి రావడం చాలా మంచిది. బ్రిటన్‌లో గుర్రానికి పాస్‌పోర్టు తప్పనిసరి, ప్రయాణంలో వెంట ఉండాలి. చాలా షోలు ఫ్లూ టీకా అడుగుతాయి. విడతలవారీగా వేయాలి కాబట్టి నెలల ముందే మొదలుపెట్టండి.

షో రోజు

స్నానం ముందురోజే. వెల్ష్ పోనీకి జూలు అల్లకూడదు, సహజంగా వదిలేయాలి. మీ పోటీకి గంటన్నర ముందే చేరుకుని, నీళ్లు, గడ్డి పెట్టి, చుట్టూ నడిపించండి. వార్మప్ పావుగంట చాలు. మన టెన్షన్ పగ్గాల్లోంచి పోనీకి తెలిసిపోతుంది, అందుకే పిల్లను పదేపదే హెచ్చరించకండి. రింగులో నిజంగానే మొరాయిస్తే కొరడా ఎత్తొద్దు. రింగులో ఏర్పాట్లు చూసే స్టీవార్డుకు చెప్పి ప్రశాంతంగా నడిపించుకుని బయటికి వచ్చేయండి.

మర్నాడు పని పెట్టకుండా పచ్చికలో వదిలేయండి. కాళ్లు తడిమి వేడి, వాపు ఉన్నాయేమో చూడండి. మూడో రోజు మళ్లీ గేటు దాటి చిన్న నడక, అంతే.